వెన్నలో దాచిన జీడిపప్పు

పొద్దున్న తొమ్మిది నలభై ఎనిమిది. పూర్ణా మార్కెట్ వెనక సందులో, ఇంటి ముందు గదినే దుకాణంగా మార్చుకున్న సమీనా, తను అమ్మే ‘బలం వెన్న’ కలుపుతూ మోచేతుల దాకా వెన్నతో ఉంది. సరిగ్గా అప్పుడే రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. గుమ్మంలోకి మౌలాలి వచ్చాడు. గట్టు మీద ఫోను మోగింది.

మౌలాలి అరవై దాటిన మనిషి. మార్కెట్లో నెయ్యి, నూనె వ్యాపారి. చుట్టరికం లేకపోయినా వీధి వీధంతా అతన్ని చాచా అంటుంది. సమీనా కూడా అంటుంది, పళ్ళు బిగించి.

“ఫోనెత్తు అమ్మీ, నా సేతులు ఖాళీ నేవు,” అంది సమీనా.

అత్తగారు మెహబూబ్ బీ కళ్ళజోడు సర్దుకుని ఫోనెత్తింది. తనకి చెవి సరిగా వినబడదు కాబట్టి అలవాటుగా స్పీకర్ కూడా నొక్కి కోడలి ముందు పెట్టింది.

“సమీనా గారా? మల్కాపురం బాలబడి నుంచి రోజలిన్ టీచర్నండి. ఒక్క మాట అడగాలి. మీ బలం వెన్నలో జీడిపప్పు ఉంటుందా?”

స్టూలు మీద కూర్చోబోతున్న మౌలాలి కూర్చోకుండా ఆగాడు.

సమీనా అతని వైపు ఒక్కసారి చూసింది. “లేదు టీచరమ్మా. వెన్న, వేరుశనగ, నువ్వులు, కొంచెం తేనె. అంతే.”

“అమ్మయ్య. పిల్లలు గోల చేస్తున్నారు, ఉంటానండి.”

ఫోను ఆగిపోయింది. మొత్తం అర నిమిషం పట్టలేదు. ఆ అర నిమిషంలో సమీనా చెప్పింది అబద్ధం. ఆ వీధిలో వినేవాళ్ళెవరైనా దాన్ని అబద్ధం అనరు, తెలివి అంటారు. మన కథ అక్కడే మొదలవుతోంది.

రెండేళ్ళ కిందట సమీనా కూతురు షిరీన్‌కి ఏడేళ్ళు. ఆ పిల్ల రొట్టె మీద వెన్న తప్ప ఇంకేమీ ముట్టేది కాదు. మోకాళ్ళు తప్ప కాళ్ళు కనబడేవి కావు. ఆసుపత్రిలో ఒక నర్సు, వెన్న ఒక్కటే తింటే కొవ్వే తప్ప కండ పట్టదని, అందులో పప్పులేవైనా నూరి కలిపి చూడమని చెప్పింది. సమీనా ఆ మాట పట్టుకుంది. వేరుశనగ వేయించి పొట్టు తీసి నూరింది. పిల్ల ఉమ్మేసింది. నువ్వులు కలిపింది. మళ్ళీ ఉమ్మేసింది. చివరికి పలాస నుంచి వచ్చే జీడిపప్పు ముక్కల్ని సన్నని మంట మీద వేయించి, నూనె తేలేదాకా రుబ్బి, చల్లటి వెన్నలో కలిపింది. పప్పుల గరుకుతనం పోయింది. వేరుశనగ వాసన అణిగిపోయింది. నాలుక మీద వెన్న రుచి తప్ప మరేదీ నిలవలేదు. పిల్ల రెండో ముక్క అడిగింది.

ఆర్నెల్లలో షిరీన్ బడిలో పరుగు పందెంలో నిలబడింది. చుట్టుపక్కల తల్లులు డబ్బా పట్టుకుని రావడం మొదలుపెట్టారు. షిప్‌యార్డులో వెల్డింగ్ పనికి వెళ్ళే భర్త ఇర్ఫాన్, పెద్ద గ్రైండరు ఒకటి తెచ్చిపెట్టాడు. మల్కాపురంలో రిఫైనరీ కాంట్రాక్టు కూలీల పిల్లల కోసం చర్చి పక్క గదిలో బాలబడి నడిపే రోజలిన్, నెలనెలా అక్కడి ఇరవై ఒక్కమంది పిల్లలకీ ఈ వెన్నే తీసుకుంటోంది.

అంతా మంచే. ఒక్కటి తప్ప. ఆ వెన్నలో పావు వంతు జీడిపప్పు ఉందని ఆ ఇంటి నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. పాత ఊళ్ళో బిర్యానీ వండేవాడు మసాలా చెప్పడు. అత్తరు కలిపేవాడు పాళ్ళు చెప్పడు. చెప్పినవాడు వారంలో వీధిన పడతాడని ప్రతి ఇంట్లోనూ నేర్పుతారు. సమీనాకి ఆ పాఠం పోయిన నెలే మళ్ళీ అనుభవమైంది. ఎవరో ఫోను చేసి, “మా అమ్మకి వేరుశనగ పడదండి, మీ వెన్నలో ఉందా?” అని దీనంగా అడిగాడు. ఉందని నిజం చెప్పింది. వారం తిరక్కుండా మౌలాలి కొట్లో వేరుశనగ వెన్న డబ్బాలు వెలిశాయి. ఫోను చేసినవాడు మౌలాలి గుమాస్తా దుర్గారావు.

అందుకే ఇప్పుడు ఆమెకి ఒళ్ళు మండింది.

“కొత్త ఎత్తు బాగుంది చాచా,” అంది చేతులు తుడుచుకుంటూ. “అప్పుడు దుర్గారావు. ఇప్పుడు టీచరమ్మ. మాట జారితే ఇందామని వేళ సూసుకుని మరీ వచ్చావ్.”

“ఏటి మాటాడతన్నావే?”

“జీడిపప్పు సంగతి. నీ కొట్లో డబ్బా ఇసకలాగ గరగరలాడతందని ఊరంతా సెప్పుకుంటన్నారు. ఏం కలిపితే నున్నగవుద్దో కావాలి నీకు.”

మౌలాలి నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నాడు. “దుర్గారావు సంగతి నిజం. కాదనను. యాపారం. నా వెన్న గరగర కూడా నిజం, మా ఇంట్లో పిల్లి కూడా తినదు. నాను వచ్చింది ఓడిపోయానని సెప్పడానికి. ఆ డబ్బాలు మానేత్తాను, నీయే తెచ్చి నా కొట్లో పెడతాను. గానీ ఈ టీచరమ్మ ఎవరో నాకు తెల్దు.”

“ఒట్టు?”

“నా మనవడి మీద ఒట్టు.”

సమీనా చేతిలో గుడ్డ ఆగింది. మనవడి మీద మౌలాలి అబద్ధపు ఒట్టు వెయ్యడు. అది వీధికంతా తెలుసు.

మెహబూబ్ బీ గట్టు దగ్గర నుంచి అంది: “మరి ఆ టీచరు పిల్ల ఎందుకడిగినట్టే? పడనివాళ్ళు ఉంటేనే కదా అడుగుతారు.”

అప్పుడే ఫోను టింగుమంది. రోజలిన్ పంపిన సందేశం. సమీనా పైకి చదివింది.

“థాంక్సండి. నాగవంశీ అని నాలుగేళ్ళ బాబు సోమవారమే చేరాడు. పోయిన ఏడాది పెళ్ళి భోజనంలో జీడిపప్పు తిని ఊపిరాడక చావు తప్పి బయటపడ్డాడట. వాళ్ళమ్మ మరీ మరీ చెప్పింది. ఇన్నాళ్ళూ ఇంటి నుంచే డబ్బా తెచ్చుకున్నాడు. ఇవాళ తేలేదు. మీరు లేదన్నారు కాబట్టి పదిన్నరకి మీ వెన్నే పెడతాను.”

గోడ గడియారంలో తొమ్మిది యాభై రెండు.

ఆమె ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ ఆగింది. రోజలిన్ పాఠం మొదలెట్టేముందు ఫోను మూగ చేసి బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. పిల్లలు తినడం పూర్తయ్యేదాకా తియ్యదు. ఆ సంగతి సమీనాకి బాగా తెలుసు, చాలాసార్లు విసుక్కుంది కూడా. బడిలో ఉన్న రెండో మనిషి ఆయా వెంకటరమణమ్మ. ఆమెకి ఫోనే లేదు.

“బండి బయటే ఉంది, పద,” అన్నాడు మౌలాలి అప్పటికే లేచి.

నూనె డబ్బాలు వేసే అతని ట్రాలీ ఆటో సందులోంచి బయటపడటానికే నాలుగు నిమిషాలు పట్టింది. ఉల్లిపాయల లారీ అడ్డం. మౌలాలి దిగి, డ్రైవరు చొక్కా పట్టుకున్నంత పనిచేసి లారీని వెనక్కి తీయించాడు. సమీనా అతని పక్కన ఇరుక్కుని కూర్చుని ఫోను చేస్తూనే ఉంది. ఎనిమిది. తొమ్మిది. పది సార్లు.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర పది దాటి ఏడు నిమిషాలు. అక్కడ బొగ్గు లారీలు వరసగా నిలిచిపోయాయి. ముందు కంటైనర్ ట్రైలర్ ఒకటి మలుపు తిరగలేక ఆగింది. హారన్లు చెవులు బద్దలు కొడుతున్నాయి.

“పావు వంతు జీడిపప్పు చాచా,” అంది సమీనా ఉన్నట్టుండి, ఎదురుగా అద్దంలోంచి చూస్తూ. “ముక్కలు. వేయించి, నూనె తేలేదాకా…”

“ఇప్పుడు నాకది సెప్పకు,” అన్నాడు మౌలాలి. “రోడ్డు సూడనీ.”

బండిని ఎడమ పక్క మట్టిలోకి దించాడు. వెనక ఖాళీ డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. కాలువ అంచున ఒక చక్రం గాల్లోకి లేచింది. సమీనా కళ్ళు మూసుకోలేదు. ఆమె కళ్ళ ముందు రోడ్డు లేదు, చిన్న ప్లేట్లు వరసగా పేరుస్తున్న ఆయా చేతులున్నాయి.

ఆమెకి ఒక్క మాట మింగుడు పడటం లేదు. ఫోనులో అడిగింది జీడిపప్పు ఉందా అని. ఉంది అంటే సరిపోయేది. మౌలాలి వింటున్నాడు కాబట్టి కనీసం, నేను మళ్ళీ చేస్తానమ్మా అని ఫోను పెట్టేసినా సరిపోయేది. నోరు దానంతటదే లేదంది.

సింధియా కూడలి దాటేసరికి పదీ ఇరవై ఆరు. మల్కాపురం మెయిన్ రోడ్డు మీద బస్సు దిగుతున్న జనం. చర్చి గేటు ముందు బండి పూర్తిగా ఆగకముందే సమీనా దూకింది. చెప్పు ఒకటి ఊడిపోయింది. వెనక్కి చూడలేదు.

పదీ ముప్పై మూడు.

గదిలో పిల్లలు రెండు వరసల్లో చాప మీద కూర్చుని తింటున్నారు. చేతిలో ఖాళీ డబ్బాతో వెంకటరమణమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

“రామ్మా, సమయానికొచ్చావు. అందరూ లొట్టలేసుకు తింతన్నారు. కొత్త బుల్లోడు కూడా సగం తినేసాడు, ఇంటి డబ్బా అయితే మూత కూడా తియ్యడు.”

“ఎవడు?”

చివర కూర్చున్న పిల్లాడు పెదవులు గోక్కుంటున్నాడు. ఎర్రగా, దద్దుర్లు. దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు, గొంతు లోపల ఏదో అడ్డం పడ్డట్టు బొంగురుగా. రోజలిన్ వాడి వీపు రాస్తూ నీళ్ళ గ్లాసు అందిస్తోంది.

“పొలమారినట్టుంది,” అంది తలెత్తి. “సమీనా గారూ, మీరేంటిలా…”

“టీచరమ్మా, అందులో జీడిపప్పు ఉంది. నాను అబద్ధం సెప్పాను. ఎత్తండి పిల్లోణ్ణి.”

రోజలిన్ గ్లాసు కింద పెట్టేసింది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తింది.

రెండు మలుపుల అవతల డాక్టర్ జ్ఞానశేఖర్ క్లినిక్. ట్రాలీ ఆటో ఆ రెండు మలుపులూ హారన్ మీద చెయ్యి తియ్యకుండా దాటింది. దిగేసరికి నాగవంశీ కళ్ళు వాచిపోయాయి. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. వాంతి చేసుకున్నాడు. తల వాలిపోతోంది.

డాక్టర్ వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాడు. ఈ పేటలో పొగకి ఆయాసం వచ్చే పిల్లల్ని రోజూ చూసే మనిషి. చెయ్యి దానంతటదే ఆవిరి మందు పట్టే మాస్కు వైపు వెళ్ళింది. “ఎప్పటి నుంచి ఆయాసం?”

“ఆయాసం కాదు డాక్టరు గారూ,” అంది సమీనా. “జీడిపప్పు తిన్నాడు. పది నిమిషాలయింది. నేను తయారుచేసిన వెన్నలో కలిపి ఉంది, సగం రొట్టె మీద రాసింది. వీడికి పడదు. పోయిన ఏడాది ఒకసారి ఇలాగే అయింది.”

మాస్కు పక్కన పడింది. “సిస్టర్, అడ్రినలిన్. తొందరగా.”

తొడ కండలోకి సూది దిగింది. ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. నర్సు 108కి ఫోను చేసింది. డాక్టర్ గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఒక నిమిషం. రెండు. మూడు. ఈల తగ్గలేదు. పిల్లాడి గోళ్ళు నీలంగానే ఉన్నాయి. సమీనా గుమ్మంలో కాలికి చెప్పు లేకుండా నిలబడి, వాడి గోళ్ళ వైపే చూస్తోంది. మౌలాలి బయట మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఐదో నిమిషంలో డాక్టర్ రెండో సూది వేశాడు.

ఏడో నిమిషంలో నాగవంశీ గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని డాక్టర్ పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

అంబులెన్సు వచ్చేలోగా, బడి నుంచి కబురందుకుని వాడి తల్లి వచ్చింది. పేరు ఆశాజ్యోతి. రిఫైనరీ క్యాంటీన్‌లో గిన్నెలు తోముతుంది. గేటు పాసు తీసుకోవడానికే పావుగంట పట్టిందట, మోచేతుల మీద సబ్బు నురగ ఆరిపోయి ఉంది. కొడుకు ఛాతీ మీద చెయ్యి పెట్టి, అది లేస్తోందని నమ్మకం కుదిరాక, వెనక్కి తిరిగింది.

“ఎవులు? ఆ యెన్న సేసింది ఎవులు?”

“నానేనక్కా. టీచరమ్మ అడిగితే జీడిపప్పు నేదని అబద్ధం సెప్పాను.”

కొడుతుందనుకున్నారంతా. కొట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

“నాను సదువుకోనేదు. డబ్బా మీద ఏటి రాసుందో నాకు తెల్దు. అందుకే అడగమన్నాను. బళ్ళో ఏసిన రోజే అడిగాను, టీచరమ్మకి దండం పెట్టి అడిగాను. పనికి ఎల్లేటప్పుడు మళ్ళీ సెప్పాను. అంతకన్నా తల్లి ఏటి సెయ్యగలదు? నాకు సేతనైంది అడగడమే. అడిగితే నువ్వు అబద్ధం సెప్పావు. ఇంక నాను దేన్ని నమ్ముకుని నా బిడ్డకి ముద్ద పెట్టాల?”

సమీనా దగ్గర కారణాలు ఉన్నాయి. వ్యాపారం, పోటీ, దుర్గారావు, మార్కెట్ నీతి. దారి పొడుగునా అవన్నీ వరసగా పేర్చుకుంటూనే వచ్చింది. ఈ తల్లి ముందు ఒక్కటీ నోటి దాకా రాలేదు. “తప్పయింది,” అంది.

పిల్లాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ రాత్రంతా అక్కడే ఉంచి మర్నాడు ఇంటికి పంపారు.

అంబులెన్సు వెళ్ళాక జ్ఞానశేఖర్ సమీనాని లోపలికి పిలిచాడు. తిడతాడనుకుంది.

“వెన్నలో పప్పులు కలపడం మంచి పనేనమ్మా,” అన్నాడాయన. “ఉత్త వెన్నలో కొవ్వు తప్ప చెప్పుకోదగ్గది లేదు. నువ్వు కలిపినవాటితో మాంసకృత్తులు వస్తాయి, పీచు వస్తుంది, మంచి రకం కొవ్వు వస్తుంది. ఈ పేట పిల్లల చేతులు చూస్తే అలాంటిది పెట్టమని నేనే చెప్తాను. ఇరవై ఒక్క మందికి అది బలం. ఇరవై రెండో వాడికి విషం. ఆ ఇరవై రెండో వాడెవరో నీకూ తెలీదు, నాకూ తెలీదు. వాళ్ళమ్మకి తెలుసు. ఆవిడకి తెలిసింది పిల్లాడికి పనికిరావాలంటే, నీకు తెలిసింది నువ్వు చెప్పాలి.”

సమీనా తల వంచుకుని వింది.

“ఇవాళ నువ్వు వచ్చి చెప్పకపోతే నేను ఆయాసమనుకుని ఇంకో పది నిమిషాలు పోగొట్టేవాణ్ణి,” అన్నాడాయన మెల్లగా. “ఆ పది నిమిషాలు వాడి దగ్గర లేవు.”

శనివారం బాలబడిలో తల్లుల సమావేశం. రోజలిన్ ఆ వెన్న కొనడం ఆపేసింది. కొనసాగించాలో వద్దో తల్లులే చెప్పాలంది. సమీనా వాళ్ళ ముందు నిలబడి, రెండేళ్ళుగా ఇంటి గడప దాటనివ్వని లెక్కంతా చెప్పేసింది. కిలో వెన్నకి ఎంత వేరుశనగ, ఎంత నువ్వులు, ఎంత జీడిపప్పు, ఎంతసేపు వేయించాలి. గుమ్మం దగ్గర నిలబడ్డ మౌలాలి అంతా విన్నాడు. ఈసారి అతను వింటున్నాడని తెలిసే ఆమె గొంతు పెంచింది.

“ఇక నుంచి డబ్బా మీద అన్నీ రాయిత్తాను,” అంది చివర్లో.

“రాత్తే మాకేటి తెలుస్తాది?” వెనక వరసలోంచి ఆశాజ్యోతి అంది. “మాలో సగం మందికి సదువు నేదు.”

సమీనా నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్కతో వంపు తిరిగిన గింజ ఒకటి గీసింది. ఎర్ర సుద్దతో చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టింది.

“ఇది మూత మీద ఉంటే జీడిపప్పు ఉన్నట్టు. పక్కన వేరుశనగ కాయ బొమ్మ, నువ్వుల బొమ్మ. సరిపోద్దా అక్కా?”

ఆశాజ్యోతి ముందుకొచ్చి ఆ బొమ్మని చూసింది. “అది జీడిపప్పే. మా పిల్లోడు కూడా పోలుస్తాడు,” అంది.

తల్లులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె చెయ్యెత్తింది. తర్వాత మరొకామె. కొనమనే తేలింది.

సమావేశం అయ్యాక సమీనా ఆశాజ్యోతి వెనకే వెళ్ళింది. “నాగవంశీకి వేరే గ్రైండర్లో, జీడిపప్పు తగలకుండా, ఉత్త నువ్వులేసి సేసి పంపిత్తాను అక్కా. డాక్టరు గారు సరేనంటేనే.”

“వద్దు,” అంది ఆశాజ్యోతి. మాటలో కోపం లేదు. “మిగతా పిల్లలకి పెట్టమ్మా, మంచిదే. నా వోడికి మాత్రం నీ సేతిది ఇంక పెట్టలేను.”

మౌలాలి బండి దగ్గర ఎదురుచూస్తున్నాడు. సమీనా ఎక్కి కూర్చున్నాక బండి తీశాడు. సింధియా దగ్గర అన్నాడు: “నాను కూడా జీడిపప్పు ఏసి సేసుకోవచ్చా బేటీ?”

“సేసుకో చాచా. గానీ ఆ బొమ్మ మూత మీద లేకుండా ఒక్క డబ్బా నీ కొట్లోంచి బయటికెల్తే, మార్కెట్ నడిబొడ్డున నిలబడి నానే అందరికీ సెప్తాను.”

“బొమ్మ అచ్చు ఎక్కడ సేయిత్తన్నావ్?”

“రెండు సేయిత్తాను. ఒకటి నీకు.”

అయ్యలారా, అమ్మలారా, మన వీధుల్లో అమ్మే తినుబండారాల్లో ఏమేం కలుస్తాయో చెప్పకపోవడాన్ని ఎన్నేళ్ళుగానో చేతి మహిమ అని మెచ్చుకుంటున్నాం, వ్యాపార రహస్యం అని గౌరవిస్తున్నాం. సమీనా కలిపినది మంచి సరుకు, కలిపిన మనసు కూడా మంచిది. అయినా ఒక తల్లి నమ్మకాన్ని ఆమె పోగొట్టుకుంది, అది ఇంకా తిరిగి రాలేదు. ఎంత బలమైన ఆహారమైనా సరే, ఎదుటివాడి నోట్లోకి ఏం వెళుతోందో వాడికి చెప్పకుండా దాచే హక్కు వండినవాళ్ళకెవరికీ లేదు.